తెలిసిన కథకే మరల జనము

‘కొత్త ఒక వింత, పాత ఒక రోత’ అని లోకోక్తి. కట్టుబట్టల విషయమునను, ఇంటి సామానుల విషయమునను ఈ మాట నిజమే కావచ్చును. కాని కథల విషయమున మాత్రము తెలుగువారు ఈ సామెతను ఏనాడును మన్నింపలేదు. రామకథ తెలియనివాడు మన పల్లెలలో లేడు. అయినను రామనాటకమాడిన పందిరి ఏ ఊరను ఖాళీగా ఉండలేదు. పాండవులే గెలుతురని ఎరిగియుండియు జనము తెల్లవార్లు తోలుబొమ్మల తెర ముందు కూర్చుండెడివారు. తెలిసిన కథను మరల వినుటలో ఒక సుఖమున్నది. ఆ సుఖమే నేడు చలనచిత్ర వ్యాపారమున కోట్ల రూపాయల పెట్టుబడికి ఆధారమైనది.

ఒక చిత్రము విజయము పొందినంతనే దానికి రెండవ భాగమును, అదియు నెగ్గినచో మూడవ భాగమును తీయుట ఇప్పుడు వాడుకయైనది. ఇట్టి వరుసను పరిశ్రమలోనివారు ‘ఫ్రాంచైజీ’ అందురు. మనము చిత్రమాలిక అనుకొన్నను చెల్లును. ఒకే నాయకుడో, ఒకే కల్పిత లోకమో, కడకు ఒకే పేరో దారముగా నుండగా చిత్రములు పూసలవలె దానిపై గ్రుచ్చబడును. 2015లోను 2017లోను వచ్చిన ‘బాహుబలి’ రెండు భాగములు, 2021లోను 2024లోను వచ్చిన ‘పుష్ప’ రెండు భాగములు ఇందులకు అందరు నెరిగిన ఉదాహరణములు. ‘తరువాతి భాగమెప్పుడు?’ అని బడిపిల్లలు సైతము అడుగుచున్నారు. ఇది కల్పనాశక్తి అడుగంటుటకు గుర్తని పెద్దలు కొందరు, ఇది ఆధునిక వ్యాపార నైపుణ్యమని మరికొందరు వాదించుచున్నారు. ఈ వివాదమునకు సమాధానమును హాలీవుడ్డులో వెదకుటకు ముందు పల్నాటిలో వెదకుట మేలు.

అమరావతి శిలలు చెప్పు సంగతి

పల్నాడు 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది. నరసరావుపేట దానికి ముఖ్యపట్టణము. కృష్ణానది దక్షిణపు ఒడ్డున నున్న ప్రాచీనమైన అమరావతి ఈ జిల్లాలోనిదే. రాజధాని ప్రాంతమునకు పేరిచ్చినదియు ఈ ఊరే. ఇక్కడి మహాస్తూపము శాతవాహనుల కాలమున పరిపూర్ణ వైభవము నందినది. 1797లో కాలిన్ మెకంజీ చూచునప్పటికే అది శిథిలమైయుండెను. ఆ పిమ్మట దాని శిల్పములలో పెక్కు చెన్నపట్టణపు మ్యూజియమునకును, లండనులోని బ్రిటిష్ మ్యూజియమునకును తరలిపోయినవి.

ఆ శిలలపై చెక్కిన కథలను పరికించినచో చిత్రమాలిక అను భావము ఎంత పాతదో తెలియగలదు. పాలిభాషలోని జాతక కథలు 547. అన్నిటికిని నాయకుడొక్కడే, అతడు బోధిసత్త్వుడు. ఒక జన్మమున ఆరు దంతముల ఏనుగు, మరియొక జన్మమున సర్వస్వమును దానమిచ్చిన రాకుమారుడు. ఆ ఏనుగు కథయైన ఛద్దంత జాతకమును, ఆ దాత కథయైన వెస్సంతర జాతకమును అమరావతి శిల్పులు రాతిపై నిలిపినారు. ఏ కథకు ఆ కథ సంపూర్ణము. అయినను ప్రతి కథయు బుద్ధత్వమను తుదిఘట్టము వైపు ఒక అడుగు వేయుచుండును. ఒక కథ చూచినవాడు రెండవదానికి కదలును. రెండవది చూచినవాడు మొదటిదానిని తలచుకొనును. మాలికకు ఉండవలసిన మర్మమంతయు ఇదియే.

చెన్నపట్టణపు మ్యూజియములో నళగిరి ఏనుగును బుద్ధుడు లొంగదీసిన ఘట్టము గల గుండ్రని ఫలకము ఒకటి కలదు. ఆ ఒక్క వలయములోనే ఏనుగు రెండుమారులు కనిపించును: ఒకమారు వీధిలో మనుష్యులను విసరివేయుచు, ఒకమారు బుద్ధుని పాదములకడ మోకరిల్లుచు. చూచువానికి కథ ముందే తెలియునను ధైర్యము లేనిదే శిల్పి ఇట్లు చెక్కలేడు. తెలియని వానికి అవి రెండు ఏనుగులు. తెలిసినవానికి ఒకే ఏనుగు యొక్క రెండు క్షణములు.

ఈ శిల్పములకు వ్యయమెవరు భరించిరి? రాజులొక్కరే కారు. గృహస్థులు, వర్తకులు, భిక్షువులు, భిక్షుణులు తమ తమ పేర్లతో శిలలను దానము చేసినట్లు శాసనములు చెప్పుచున్నవి. విధికుడను చర్మకారుడు తన కుటుంబముతో కూడి పూర్ణఘట ఫలకము నొకదానిని సమర్పించినాడు. వారు కోరినది పుణ్యము, లాభము కాదు. అయినను పదిమంది ప్రేమించు కథపై పదిమంది ధనమును కూడబెట్టుట ఎట్లు సాధ్యమగునో ఆ శాసనములు చూపుచున్నవి. ఎవ్వరును వినని కథకు ఇంతమంది దాతలు దొరకుట కష్టము.

కారంపూడిలో ఐదు దినములు

అమరావతిని విడిచి పడమరకు సాగినచో గురజాల, మాచర్ల, కారంపూడి వచ్చును. పండ్రెండవ శతాబ్దిలో హైహయ వంశపు అన్నదమ్ముల నడుమ ఇక్కడ రగిలిన వైరమే పల్నాటి యుద్ధము. గురజాలలో నలగామరాజు, ఆయనకు అండగా నాయకురాలు నాగమ్మ. మాచర్లలో మలిదేవాదులు, వారికి అండగా బ్రహ్మనాయుడు. కోడిపందెము, ఓడినవారికి వనవాసము, రాయబారము నెరపిన అలరాజు విషమునకు బలియగుట, తుదకు నాగులేటి ఒడ్డున కారంపూడిలో మహాసంగ్రామము. జూదము, అరణ్యవాసము, రాయబారము, బంధువధ అను ఈ వరుసను వినగనే ఏ విద్యార్థియైనను ‘ఇది భారతమే కదా’ యనును. జనులును అట్లే అన్నారు. దీనిని పల్నాటి భారతమని పిలిచినారు. ఎరిగిన అచ్చులో కొత్త పేర్లు, కొత్త నేల, కొత్త రక్తము. కౌరవ పాండవుల కథకు పల్నాడు తన రక్తముతో వ్రాసికొన్న తరువాతి భాగమిది.

ఈ గాథ కావ్యములలో మాత్రమే నిలిచియుండలేదు. శ్రీనాథునిదిగా ప్రసిద్ధమైన ద్విపద ‘పల్నాటి వీరచరిత్ర’ను అక్కిరాజు ఉమాకాంతము 1911లో ముద్రింపించి పండితులకు పరిచయము చేసినాడు. కాని అప్పటికి కొన్ని శతాబ్దులుగా వీరవిద్యావంతులు దీనిని పాడుచునే యున్నారు. కారంపూడి వీరుల గుడికడ కార్తిక అమావాస్య మొదలు ఐదు దినములు ఉత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఆ దినములకు పేర్లు. వీరుల ఆయుధములకు పూజలు చేయుదురు. కుల భేదము లేక అందరును ఒక్క పంక్తిని భుజించు చాపకూడు, బ్రహ్మనాయుని పేర నేటికిని సాగుచున్నది.

ఆ దినముల పేర్లను నిదానముగా చదివినచో ఒక విశేషము కనిపించును. యుద్ధకథలో కోడిపందెము ముందు, రాయబారము పిమ్మట. ఉత్సవములోనో రాయబారము రెండవనాడు, కోడిపోరు నాలుగవనాడు. జనులకు కథ ఆమూలాగ్రముగా తెలిసియుండుట చేతనే వరుస తారుమారైనను ఇబ్బంది లేదు. వారు వచ్చునది ‘ఏమి జరిగెను?’ అని తెలిసికొనుటకు కాదు. జరిగినదానిని మరల ఒక్కమారు కూడి అనుభవించుటకు. అలరాజు మరణింపవలసినదేనని తెలిసియు ఏటేట కన్నీరు పెట్టుకొందురు. అమెరికా పండితుడు జీన్ రోఘేర్ ఈ గాథను పల్నాటి గాయకుల నోట విని, 1982లో ఆంగ్లమున ఒక గ్రంథముగా ప్రకటించినాడు. నాగులేటి ఒడ్డు పాట ఆక్స్‌ఫర్డు ముద్రణాలయమునకు చేరుటకు కారణము ఆ ఏటేటి పునరావృత్తియే.

తెరకెక్కిన పల్నాడు

ఇంతటి సిద్ధమైన జనము గల కథను చలనచిత్రము విడిచిపెట్టునా? ‘మాలపిల్ల’ (1938), ‘రైతుబిడ్డ’ (1939) తీసి సంఘ సమస్యలను తెరకెక్కించిన గూడవల్లి రామబ్రహ్మము ‘పల్నాటి యుద్ధము’నకు పూనుకొన్నాడు. మాలపిల్లను నాయికగా నిలిపిన దర్శకుని మనస్సును చాపకూడు గల కథ ఆకర్షించుటలో వింత లేదు. 1946లో ఆయన మరణింపగా ఎల్.వి. ప్రసాదు చిత్రమును పూర్తిచేసినాడు. 1947లో అది విడుదలయైనది. గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడుగను, కన్నాంబ నాగమ్మగను, యౌవనములోనున్న అక్కినేని నాగేశ్వరరావు బాలచంద్రుడుగను నటించిరి. 1966లో గుత్తా రామినీడు దర్శకత్వమున అదే పేరుతో మరియొక చిత్రము వచ్చినది. ఈమారు బ్రహ్మనాయుడు ఎన్.టి. రామారావు, నాగమ్మ భానుమతి.

పందొమ్మిది సంవత్సరముల ఎడముతో వచ్చిన ఈ రెండు చిత్రములలో ఏది మేలనునది ఇక్కడ ప్రశ్న కాదు. రెండవ నిర్మాతకు కథను పరిచయము చేయవలసిన భారము లేకుండెను. నాగమ్మ ఎవరో, బాలచంద్రుడు ఎందుకు యుద్ధమునకు బయలుదేరెనో చెప్పకయే ప్రేక్షకుడెరుగును. అందుచేత అతని దృష్టి అంతయు ‘కన్నాంబ చేసిన నాగమ్మను భానుమతి ఎట్లు చేయునో’ అనుదానిపై నిలుచును. పోలిక అనునది ప్రేక్షకునికి విమర్శకుని పీటవేయును. విమర్శను పాఠముగా చదువనివాడు సైతము రెండు రూపములను చూచినంతనే విమర్శకుడగును.

పౌరాణిక చిత్రములన్నియు ఈ విధముగనే జీవించినవి. సి. పుల్లయ్య 1934లో ‘లవకుశ’ తీసినాడు. 1963లో ఆయనయు, కుమారుడు సి.ఎస్. రావును కలిసి అదే కథను రంగులలో మరల తీసిరి. 1936లో ద్రౌపది కథపైనే రెండు సంస్థలు పోటీపడి రెండు చిత్రములు తీసినవి. 1957లో ‘మాయాబజారు’లో కృష్ణుడుగా కనిపించిన రామారావు పిమ్మట అనేక చిత్రములలో ఆ కిరీటమునే ధరించినాడు. ఒక నిర్మాత కృష్ణుని కథ ముగించిన చోట వేరొక నిర్మాత అందుకొన్నాడు. సంస్థలు వేరు, దర్శకులు వేరు. అయినను ప్రేక్షకుని మనస్సులో కృష్ణుడొక్కడే. ఆ పేరు పుట్టకమునుపే మనకు అట్టి మాలిక కలదన్నమాట.

కథయే కాక పేరు కూడ పనికివచ్చునని పిమ్మటివారు గ్రహించిరి. 1985లో ‘పల్నాటి సింహం’, 2003లో ‘పల్నాటి బ్రహ్మనాయుడు’ వచ్చినవి. ఇవి ఆధునిక కాలపు వీరుల కథలు. ప్రాచీన గాథతో వీటి చుట్టరికము పేరువరకే. పల్నాడు అనగనే పౌరుషము స్ఫురించును గనుక ఆ స్ఫురణను నిర్మాత అరువు తెచ్చుకొన్నాడు. చాపకూడు వేసిన మంత్రి పేరు తొడగొట్టు నాయకునికి తగిలించుటలో లాభమెవరికి, నష్టమెవరికి అను ప్రశ్నకు మరల రావలసియున్నది.

నిర్మాత లెక్క

ఒక కొత్త చిత్రము తీయువాడు రెండు పనులు చేయవలెను. మొదటిది చిత్రమును తీయుట. రెండవది అట్టి చిత్రమొకటి కలదని లోకమునకు తెలియజేయుట. రెండవ పనికి అగు వ్యయము నేడు మొదటిదానికి తీసిపోదు. పేరు మున్నే నాటుకొనియున్నచో ఆ భారము సగము తగ్గును. నైజాము, సీడెడ్, కోస్తా జిల్లాలని ప్రాంతముల వారీగా హక్కులు కొను పంపిణీదారుడు, చిత్రమును చూడకమునుపే ధనమీయవలెను. కొత్త కథకు ధనమిచ్చుట చీకటిలో రాయి విసరుట. నెగ్గిన కథ తరువాతి భాగమునకు ఇచ్చుట వెన్నెలలో నడచుట. టెలివిజనువారును, ఓటీటీ సంస్థలవారును ఇదే లెక్క వేయుదురు. రెండవ భాగము వచ్చునప్పుడు మొదటి భాగమును జనులు మరల చూతురు గనుక పాత సరకునకును గిరాకి పుట్టును.

ఒకమారు పెట్టిన పెట్టుబడి పలుమారులు పనికివచ్చుట మరియొక లాభము. రామోజీ ఫిల్మ్ సిటీలో వేసిన మాహిష్మతి నగరము ‘బాహుబలి’ రెండు భాగములకును ఉపయోగపడినది. ఆ లోకమును ఊహించుటకు, ఆయుధములను, ఆభరణములను రూపొందించుటకు పట్టిన శ్రమ రెండు చిత్రములపై పంచబడినది. ఇల్లు కట్టినవానికి మరియొక గది వేయుట సులువు.

చిన్న చిత్రములకు ఈ పద్ధతి మరింత ఉపకరించినది. 2014లో వచ్చిన ‘కార్తికేయ’ తెలుగునాట మెప్పు పొందినది. 2022లో వచ్చిన ‘కార్తికేయ 2’ హిందీ సీమలలో కూడ జనాదరణ పొందినది. ‘హిట్’ అను నేరపరిశోధన మాలికలో 2020, 2022, 2025 సంవత్సరములలో వచ్చిన మూడు చిత్రములకు ముగ్గురు వేర్వేరు నాయకులు. ఇది తెలుగు పరిశ్రమలో గమనింపదగిన మార్పు. ఇంతకాలము మనకు తారయే మాలిక. అతని పేరే దారము. ఇప్పుడు కథాలోకమే దారమై తారలు పూసలైనారు. తార తేదీలకొరకు ఎదురుచూచు నిర్మాతకు ఇది కొంత స్వాతంత్ర్యము.

పాశ్చాత్యులు ఈ లెక్కను చాలకాలము క్రిందటనే నేర్చిరి. 1962లో ‘డాక్టర్ నో’తో మొదలైన జేమ్స్ బాండ్ వరుస 2021 నాటికి 25 చిత్రములైనది, నాయక పాత్రధారులు మారినను పాత్ర మారలేదు. 1977లో ‘స్టార్ వార్స్’ తీసిన జార్జి లూకాస్ అధిక పారితోషికమునకు మారుగా తరువాతి భాగముల హక్కులను, బొమ్మలు మున్నగు వస్తువుల హక్కులను తనకడ నుంచుకొన్నాడు. నాడు సంస్థ విలువ నెరుగక విడిచిన ఆ హక్కులే అతనికి అపార సంపదనిచ్చినవి. జపానులో తోరాసాన్ అను దేశదిమ్మరి పాత్రతో 1969 నుండి 1995 వరకు ఒకే నటుడు 48 చిత్రములలో నటించినాడు. అందు యుద్ధములు లేవు, మాయలు లేవు. తిరిగి తిరిగి ఇల్లు చేరు ఒక మంచివాని కథయే మరల మరల. కనుక మాలికకు ఆడంబరము ఆవశ్యకము కాదు, ఆత్మీయత ఆవశ్యకము.

ప్రేక్షకుని మనస్సు

నిర్మాతకు లెక్కలున్నవి సరే, ప్రేక్షకునికేమి లాభము? అతనికి కలుగు సుఖము రెండు విధములు. తెలియనిదానిని తెలిసికొను ఉత్కంఠ ఒకటి. తెలిసినదానిని మరల కలిసికొను ఆనందము మరియొకటి. ‘బాహుబలి’ మొదటి భాగము ఒక ప్రశ్నతో ముగిసినది: కట్టప్ప బాహుబలిని ఎందులకు చంపెను? 2015 జులై 10 నుండి 2017 ఏప్రిల్ 28 వరకు ఇంచుమించు ఇరువదియొక్క మాసములు ఈ ప్రశ్న టీ దుకాణములలో, బస్సులలో, తరగతి గదులలో కూడ తిరిగినది. ప్రతివాడును ఒక సమాధానము కల్పించినాడు. అనగా రెండు చిత్రముల నడుమ ప్రేక్షకుడే కథకుడైనాడు.

ఇది మొదటి విధమగు సుఖము. జవాబు తెలిసిన పిమ్మట అది తీరిపోవలెను గదా! తీరలేదు. 2025 అక్టోబరు 31న రెండు భాగములను ఒక్కటిగా కూర్చి ‘బాహుబలి: ది ఎపిక్’ అను పేర మరల విడుదల చేయగా, జవాబు కంఠస్థమైనవారే సినిమాహాళ్ళకు వచ్చినారు. కట్టప్ప కత్తి ఎత్తునని తెలిసియు చూచినారు. కారంపూడిలో అలరాజుకొరకు కన్నీరు పెట్టువారి సుఖమే ఇది. ఉత్కంఠ ఒక్కమారే పండును. పరిచయము ఏటేట పండును.

దీనికి తోడు సహవాసమొకటి కలదు. మొదటి భాగమును బడిలో నుండగా చూచినవాడు రెండవ భాగమును కళాశాలలో నుండగా చూచును. తరువాత తమ్మునకో, బిడ్డకో చూపును. చిత్రము వాని వయస్సునకు కొలబద్దయగును. అందరును ఒకే కథను ఎరిగియుండుట సంఘమునకు ఒక ఉమ్మడి భాష. ‘శకుని’ అనగనే అర్థమగునట్లు నేటి విద్యార్థికి ‘కట్టప్ప’ అనగనే అర్థమగుచున్నది.

దారము తెగు చోటులు

ఐనను ఈ పద్ధతి నిర్దుష్టమని చెప్పరాదు. పేరు ప్రేక్షకుని మొదటి ఆట వరకు మాత్రమే తీసికొనిరాగలదు. రెండవ ఆటకు చిత్రమే తీసికొనిరావలెను. 2012లో జనాదరణ పొందిన ‘గబ్బర్ సింగ్’ వెనుక 2016లో వచ్చిన ‘సర్దార్ గబ్బర్ సింగ్’, 2019 నాటి ‘ఇస్మార్ట్ శంకర్’ వెనుక 2024లో వచ్చిన ‘డబుల్ ఇస్మార్ట్’ ఆ మెప్పును పొందలేకపోయినవి. 1996లో వచ్చిన ‘భారతీయుడు’ను గుండెలలో దాచుకొన్నవారికి ఇరువదియెనిమిది సంవత్సరముల తరువాత వచ్చిన రెండవ భాగము తృప్తినీయలేదు. జనులు పాతదానిని ప్రేమింతురు గాని, పాతదాని నీడను ప్రేమింపరు.

రెండవ దోషము, సగము కథను పూర్తి వెలకు అమ్ముట. జాతకములలో ఏ కథకు ఆ కథ సంపూర్ణమని చెప్పుకొన్నాము. కారంపూడిలో ఒక్క రాయబారము నాడు వచ్చిపోయినవాడును రిక్తహస్తముతో పోడు. కాని నేడు కొన్ని చిత్రములు కథను నడిదారిలో నిలిపి, ‘మిగిలినది రెండవ భాగమున’ అని తెర దించుచున్నవి. ప్రశ్న మిగిల్చుట వేరు, బాకీ మిగిల్చుట వేరు.

మూడవది నిరీక్షణ ఉన్మాదమగుట. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదులో ఒక చిత్రమాలిక రెండవ భాగపు తొలి ప్రదర్శన వేళ సినిమాహాలు వద్ద తొక్కిసలాట జరిగి ఒక తల్లి ప్రాణము కోల్పోయినది. కథపై ప్రేమ తప్పు కాదు. ఆ ప్రేమను ఒక్క రాత్రిలో, ఒక్క గుమ్మము వద్ద కుమ్మరింపజేయు ఏర్పాటులో తప్పున్నది. వీరుల ఉత్సవమునకు వచ్చు జనమునకు ఐదు దినములును, మరు సంవత్సరమును కలవు.

అన్నింటికంటె లోతైనది నాలుగవ సంగతి. పల్నాటి కథ ఎవరిది? శ్రీనాథుడు దానిని వ్రాయుటకు ఎవరి అనుమతియు పొందలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘నాయకురాలు’ నాటకము వ్రాయుటకును, రామబ్రహ్మము చిత్రము తీయుటకును ఎవరికిని రుసుము చెల్లింపలేదు. అది అందరి సొత్తు. అందుచేతనే ప్రతి తరమువారును దానికి తమ వంతు చేర్చినారు. మాహిష్మతి అట్లు కాదు. అది ఒక సంస్థ సొత్తు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము చలనచిత్రముపై హక్కు 60 సంవత్సరములు నిలుచును. 2015లో పదేండ్ల వయస్సున ‘బాహుబలి’ని చూచి పరవశించిన బాలుడు ఆ లోకమును తన కలముతో స్వేచ్ఛగా పెంచదలచినచో అతనికి డెబ్బదియేండ్లు రావలసియుండును. నిర్మాత శ్రమకు రక్షణ కావలెననుట న్యాయమే. కాని పాటగాడు ఏటేట పెంచుకొను కథకును, కంపెనీ తాళమువేసి యుంచు కథకును భేదమున్నదని విద్యార్థులెరుగవలెను. తాళమున్న కథ యజమాని ఆసక్తి ఉన్నంతకాలము జీవించును; తాళము లేని కథ జనుల ఆసక్తి ఉన్నంతకాలము జీవించును.

ఏది మాలిక, ఏది పునరుక్తి?

కావున చిత్రమాలికలను నిందించుటయు, నెత్తికెత్తుకొనుటయు రెండును తొందరపాటే. తూచుటకు మూడు తూనికరాళ్ళు చాలును. ఈ భాగమును మాత్రమే చూచినవానికి ఒక కథ దక్కినదా? పాత భాగమును చూచినవానికి పాత్రలలో ఒక కొత్త ముఖము కనబడినదా? పేరు వాడుకొన్నవారు ఆ పేరు వెనుకనున్న విలువను కూడ మోసుకొని వచ్చిరా? అమరావతి శిల్పములు ఈ మూటికిని నిలుచును. కారంపూడి పాటయు నిలుచును. బ్రహ్మనాయుని పేరు తీసికొని చాపకూడును విడిచిన చిత్రము మూడవ రాతివద్ద తేలిపోవును.

ఉపాధ్యాయులు ఈ విషయమున చేయదగిన పని యొకటి కలదు. విద్యార్థులు మాహిష్మతిని గూర్చి మాటలాడునప్పుడు విసుగుకొనక, అదే ఉత్సాహమును గురజాల వైపు త్రిప్పవలెను. రెండు కథలలోను దాయాదుల సింహాసన వివాదమే. రెండింటను అధికారమును చేతబట్టిన స్త్రీ కలదు. రెండింటను స్వామిభక్తికిని, న్యాయమునకును నడుమ నలిగినవారున్నారు. ఈ పోలికను పట్టుకొన్న బాలుడు శ్రీనాథుని ద్విపదను తెరచుటకు జంకడు. వీలైనచో కార్తిక మాసాంతమున వారిని కారంపూడికి తీసికొనిపోయి, ఒక్క రాత్రి పాట వినిపింపవచ్చును. పుస్తకమున అచ్చైన కథ పోదు. చిత్రము పెట్టెలో భద్రముగా నుండును. పాట మాత్రము ఒక గొంతునుండి వేరొక గొంతునకు దిగినప్పుడే నిలుచును. వినువారు తగ్గిన ఏట నేర్చువారును తగ్గుదురు.

తరువాతి భాగమెప్పుడని అడుగు బాలునిలో వేయేండ్ల శ్రోత దాగియున్నాడు. అతడు తెల్లవార్లు తోలుబొమ్మలాట చూచినవాడు, మహాస్తూపము చుట్టు ప్రదక్షిణము చేసినవాడు, నాగులేటి ఒడ్డున కన్నీరు విడిచినవాడు. అతనికి కథ నిచ్చుట నిర్మాత వంతు. అతడు మంచి కథనే అడుగునట్లు పెంచుట బడివంతు.